ఫ్రైబెర్గ్ వెండి సిరలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీలోని ఫ్రైబెర్గ్‌లో చదువుకుని వచ్చినప్పటి నుంచి నన్ను అడిగేవాళ్లు రెండు రకాలు. ఒకరు అక్కడ జియాలజీ, మైనింగ్ చదవడానికి అప్లై చేస్తున్న పిల్లలు. రెండోవాళ్లు "అక్కడ మళ్లీ వెండి దొరుకుతోందట కదా" అని వార్త చదివి మెసేజ్ పెట్టేవాళ్లు. ఇద్దరి ప్రశ్నలూ కలిపి, నాకు తెలిసినంతలో ఒకచోట రాస్తున్నాను. కొన్నిటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, ఏమనుకోవద్దు, అవి నాకు బాగా ఇష్టమైనవి.

అసలు ఫ్రైబెర్గ్ ఎక్కడుంది? దాని గురించి ఎందుకింత?

తూర్పు జర్మనీలో సాక్సనీ రాష్ట్రం, డ్రెస్డెన్, కెమ్నిట్జ్ నగరాల మధ్య. ఆ కొండల వరుస పేరు ఎర్ట్స్‌గెబిర్గె, అంటే ఖనిజాల కొండలు. చెక్ రిపబ్లిక్ సరిహద్దు పొడవునా ఉంటాయి. 2019లో ఆ గనుల ప్రాంతం మొత్తాన్ని, రెండు దేశాల వైపూ కలిపి, యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

1168లో మొదలై 1969 దాకా, మధ్యలో కొన్నేళ్ల విరామంతో, ఎనిమిది వందల ఏళ్లు అక్కడ తవ్వారు. ఐదు వేల టన్నులకు పైగా వెండి తీశారు. కానీ నన్ను పట్టుకున్నది వెండి లెక్క కాదు. అన్నేళ్లూ అవే సిరలు, అదే రాయి. అందులో ఏది ఖనిజం, ఏది పారబోయాల్సిన చెత్త అన్నది మాత్రం తరాలతో పాటు మారుతూ వచ్చింది. ఈ పేజీలో సగం జవాబులు చివరికి ఆ విషయం దగ్గరికే వస్తాయి.

సిర అంటే ఏంటి? బొగ్గు పొర లాంటిదేనా?

కాదు. మా నాన్న సింగరేణిలో చేశారు, నేను చిన్నప్పటి నుంచీ "బాయి దిగడం" అనే మాట వింటూ పెరిగాను, కాబట్టి నాకూ మొదట్లో ఇదే అనుమానం. బొగ్గు పొర పరుపులా పరుచుకుని ఉంటుంది, కిలోమీటర్ల కొద్దీ, కొంచెం ఏటవాలుగా. ఒకచోట దొరికితే పక్కన కూడా ఉంటుందని ఓ మాదిరి ధైర్యంగా చెప్పొచ్చు.

సిర అలా కాదు. పాత ఇంటి గోడ బీటలు వారితే ఆ బీటలో సిమెంటు పూస్తాం చూడండి, అలాంటిది. గట్టి రాయి పగిలింది, ఆ పగులు లోపలికి వేడినీళ్లు వచ్చాయి, ఆ నీళ్లలో కరిగి ఉన్నవి గోడలకు పేరుకున్నాయి. ఫ్రైబెర్గ్‌లో ఆ గోడ నైస్ అనే చారల రాయి. సిరలు చాలావరకు నిటారుగానో, బాగా వాలుగానో దిగుతాయి. మందం ఎక్కువ భాగం పది సెంటీమీటర్ల నుంచి మీటరు లోపే. అంటే మీ చేతిని అడ్డంగా పెడితే సరిపోయే మందం కోసం మనుషులు వందల మీటర్ల లోతు దిగారు. అలాంటి సిరలు అక్కడ వెయ్యికి పైనే లెక్కకొచ్చాయి, చాలావాటికి పేర్లు కూడా ఉన్నాయి.

వెండి, సీసం, జింక్, రాగి, ఇన్ని లోహాలు ఒకేచోటికి ఎలా వచ్చాయి?

వేడినీళ్లు ఒక లోహాన్ని ఏరి మరోదాన్ని వదిలి రావు. లోతున శిలాద్రవం చల్లబడుతున్నప్పుడు బయటికొచ్చే ద్రవంలోనూ, రాతి లోపల తిరుగుతూ వేడెక్కిన ఉప్పునీటిలోనూ రకరకాల లోహాలు కలిసే ప్రయాణిస్తాయి. అవి కరిగి ఉండటానికి వేడి, ఉప్పు, గంధకం అన్నీ సరైన పాళ్లలో ఉండాలి. పైకి వచ్చేకొద్దీ నీళ్లు చల్లబడతాయి, ఒత్తిడి తగ్గి మరుగుతాయి, లేదా ఇంకో రకం నీళ్లతో కలుస్తాయి. అప్పుడు ఇక మోయలేక ఒక్కోటీ వదిలేస్తాయి.

అందుకే సిరను అడ్డంగా కోస్తే పొరలు పొరలుగా కనిపిస్తుంది. గోడకు ఆనుకుని తెల్లటి క్వార్ట్జ్, దాని మీద పసుపు పైరైట్, ఆ తర్వాత నల్లటి స్ఫాలరైట్ (జింక్ ఖనిజం), ఉక్కులా మెరిసే గెలీనా (సీసం ఖనిజం), మధ్యలో మిగిలిన ఖాళీలో కాల్సైటో మరొకటో. ఏది ముందు పడింది, ఏది తర్వాత పడింది అని కళ్లతోనే చదవొచ్చు. ఇలా ఖనిజాలు ఏ వరసలో, ఏవి ఏవాటితో కలిసి పుడతాయన్నదానికి పారాజెనిసిస్ అనే మాటను 1849లో వాడుకలోకి తెచ్చిన ఆగస్ట్ బ్రైట్‌హౌప్ట్ ఈ ఫ్రైబెర్గ్ గనుల అకాడమీ ప్రొఫెసరే. ఇప్పుడు మన యూనివర్సిటీల్లో ఎకనామిక్ జియాలజీ పేపర్ రాసే ప్రతి పిల్లాడూ ఆ మాట రాయాల్సిందే.

అన్ని సిరలూ ఒకే రకమా?

కాదు, ఇక్కడే చాలామంది తికమకపడతారు. పెద్దగా చూస్తే రెండు కాలాలు. మొదటిది వారిస్కన్ అనే పురాతన పర్వతాలు లేచిన తర్వాత, సుమారు 27–28 కోట్ల సంవత్సరాల కిందట, పెర్మియన్ కాలంలో. వీటిలో ఊరి చుట్టుపక్కల మధ్య భాగంలో పైరైట్, ఆర్సెనోపైరైట్, స్ఫాలరైట్, గెలీనా ఎక్కువ. అంచుల వైపు వెళ్లేకొద్దీ క్వార్ట్జ్, కార్బొనేట్‌లతో వెండి ఖనిజాలు ఎక్కువవుతాయి. పాత గని పనివాళ్లు ఈ అంచు సిరలకు ముందు "ఎడ్లె" అని పెట్టేవారు, మేలైన అని అర్థం. వెండి తక్కువైనవాటికి ఆ మర్యాద లేదు.

రెండోది బాగా తర్వాత, పాంజియా అనే మహాఖండం చీలిపోతున్న కాలంలో, అంత వేడి లేని ఉప్పునీళ్లు పాత పగుళ్లనూ కొత్త పగుళ్లనూ పట్టుకుని వచ్చినప్పుడు. వీటిలో ఫ్లోరైట్, బెరైటీస్, సీసం. బెరైటీస్ అంటే మన కడప వైపు ముగ్గురాయి. మొదటిసారి మ్యూజియంలో తెల్లగా బరువుగా ఉన్న ఆ ముక్క చేతికిచ్చి ఇదేంటో చెప్పమంటే, పక్కనున్న క్లాస్‌మేట్లు ఆలోచిస్తుంటే నేను టక్కున చెప్పేశాను. మంగంపేట వెళ్లొచ్చినవాడికి ఆ బరువు మర్చిపోవడం కష్టం.

వెండి అంటే మెరుస్తూ కనిపిస్తుందా?

ఎక్కువ భాగం కనిపించదు. ఆ మధ్య భాగంలో వెండిలో చాలా వాటా గెలీనా లోపల దాక్కుని ఉంటుంది, టన్ను గెలీనాకి ఓ కిలో, రెండు కిలోలు. రాయిని చూసి చెప్పలేం, కరిగించి చూడాల్సిందే. అంచు సిరల్లో మాత్రం ఎర్రటి పైరార్జిరైట్ స్ఫటికాలు, నల్లటి ఆర్జెంటైట్, తీగల్లా చుట్టుకున్న శుద్ధమైన వెండి దొరికేవి. వెండి ఎక్కువున్న టెట్రహెడ్రైట్ అనే రాగి ఖనిజాన్ని ఊరి పేరు మీద ఫ్రైబర్గైట్ అనే పిలుస్తారు. మ్యూజియంలో ఆ వెండి తీగల గుత్తి ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. సన్నవి, లావువి, మెలికలు తిరిగి, అచ్చం అమ్మ జడలోంచి ఊడిన సవరంలా ఉంటాయి. పైన కాస్త నల్లబడి ఉంటాయి, మన ఇంట్లో పట్టీలు నల్లబడినట్టే.

1168లో బండి చక్రం కింద వెండి దొరికిందన్న కథ నిజమేనా?

కథ ఇది: ఉప్పు బండ్లు తోలుకుంటూ బొహీమియా వైపు పోతున్నవాళ్లకు క్రిస్టియాన్స్‌డార్ఫ్ అనే పల్లె దగ్గర చక్రాల గాడిలో ఓ బరువైన మెరిసే రాయి కనిపించింది. దాన్ని గోస్లార్ అనే గనుల ఊరికి పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తే వెండి బాగా ఉందని తేలింది. గాడిలోనే దొరికిందా అన్నది ఎవరూ రుజువు చేయలేరు, కానీ అందులో ఒక మాట నాకు చాలా నిజమనిపిస్తుంది. గోస్లార్‌లో అప్పటికే రామెల్స్‌బెర్గ్ గనులున్నాయి. గెలీనా ఎలా ఉంటుందో ఆ ఊరివాళ్లకు తెలుసు. తెలిసిన కళ్లు ఆ దారిన నడిచాయి కాబట్టే రాయి దొరికింది. అంతకుముందు ఎంతమంది ఆ దారిన పోయారో, ఎవరికీ అది రాయిగా తప్ప కనిపించలేదు.

ఆ తర్వాత జరిగింది మాత్రం చరిత్రే. ఆ ప్రాంతం ఏలే మైసెన్ ప్రభువు ఓట్టో వెతుక్కునేవాళ్లకు స్వేచ్ఛ ఇచ్చాడు. ఎవరైనా వచ్చి తవ్వుకోవచ్చు, పాలకుడికి వాటా ఇవ్వాలి. ఊరి పేరులోని "ఫ్రై" ఆ స్వేచ్ఛే. ఓట్టోకి "ధనికుడు" అనే పేరు దీనివల్లే వచ్చింది.

డ్రిల్లింగ్ మెషీన్లు లేని రోజుల్లో సిరను ఎలా వెతికేవారు?

ముందు నేల మీద రాళ్లు ఏరేవారు. బరువైన, తుప్పు రంగు పట్టిన ముక్క దొరికితే వాలు వెంబడి పైకి వెతుక్కుంటూ పోయేవారు, ఎక్కడ ముక్కలు ఆగిపోతే అక్కడ గుంత తవ్వేవారు. ఆ గుంతలు వరసగా అడవిలో ఇప్పటికీ కనిపిస్తాయి. పైనుంచి చూస్తే ఎవరో గీత గీసి చుక్కలు పెట్టినట్టు సిర దిశ తెలిసిపోతుంది.

తర్వాత దిక్సూచి. వాళ్ల దిక్సూచి మీద డిగ్రీలు ఉండవు, గంటలు ఉంటాయి. వృత్తాన్ని రెండు పన్నెండు గంటలుగా భాగించారు. ఉత్తరం నుంచి మూడు గంటల లోపు పోయే సిర ష్టేహెండె, మూడు నుంచి ఆరు మోర్గెన్‌గాంగ్, ఆరు నుంచి తొమ్మిది ష్పాట్‌గాంగ్, ఆ పైన ఫ్లాహె. సిర పేరు వింటేనే అది ఏ వైపు పోతుందో అర్థమైపోతుంది.

ఇంకోటి, రెండు సిరలు ఒకదాన్నొకటి దాటే చోట ఖనిజం చిక్కగా ఉంటుందని వాళ్లకు అనుభవం మీద తెలుసు. కారణం ఇప్పుడు మనం చెప్పగలం: అక్కడ రాయి ఎక్కువగా నలిగింది, ద్రవానికి దారి ఎక్కువ, రెండు రకాల నీళ్లు కలిసే అవకాశమూ ఎక్కువ. వాళ్లు కారణం తెలియకుండానే ఆ చోటును గురి చూసి సొరంగం తవ్వేవారు.

సిద్ధాంతం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఏడేళ్ల యుద్ధంలో సాక్సనీ చితికిపోయాక, 1765లో ఇక్కడ గనుల అకాడమీ పెట్టారు. అందులో పాఠం చెప్పిన అబ్రహాం వెర్నర్ 1791లో సిరల పుట్టుక మీద పుస్తకం ప్రచురించాడు. ముందు పగులు తెరుచుకుంది, తర్వాత నిండింది అన్న మాట సరైనదే. కానీ పైనున్న సముద్రపు నీరు దిగి నింపిందన్నాడు, అది తప్పు, నీళ్లు కింది నుంచి వచ్చాయి. ప్రసిద్ధ ప్రకృతి శాస్త్రవేత్త అలెగ్జాండర్ హంబోల్ట్ చదువుకున్నది ఈ అకాడమీలోనే.

లోతుకు పోయేకొద్దీ నీళ్లు పడవా?

పడతాయి, అదే అసలు టెన్షన్. ఫ్రైబెర్గ్ చరిత్రలో సగం నీళ్లతో చేసిన యుద్ధం. పంపులు తిప్పడానికి నీటి చక్రాలు, వాటికి నీళ్లివ్వడానికి దూరం నుంచి కాలువలు, చెరువులు. చివరికి 1844లో మొదలుపెట్టి 1877కి పూర్తి చేసిన రోత్‌షోన్‌బెర్గ్ సొరంగం. కొండ కింద నుంచి కిలోమీటర్ల పొడవునా తవ్వి, గని నీళ్లు వాటంతట అవే ట్రీబిష్ అనే వాగులోకి పోయేలా చేశారు. కొమ్మలన్నీ కలిపితే 50 కిలోమీటర్లు ఉంటుంది. గనులు మూతపడినా అది ఇప్పటికీ పారుతూనే ఉంది.

జింక్ ఖనిజాన్ని చెత్తలో పారబోశారంటారు, నిజమా?

నిజమే. స్ఫాలరైట్‌కి జర్మన్ గని భాషలో బ్లెండె అని పేరు. కళ్లకు భ్రమ కల్పించేది, మోసం చేసేది అని. చూడ్డానికి గెలీనాలా మెరుస్తుంది, కొలిమిలో వేస్తే సీసం చుక్క కూడా రాదు. పైగా వేడికి జింక్ ఆవిరై ఎగిరిపోతుంది, కొలిమి పాడవుతుంది. కాబట్టి వందల ఏళ్లు దాన్ని ఏరి కుప్పల్లో పోశారు, లేదా సొరంగంలోనే వదిలేశారు. 19వ శతాబ్దం మధ్యలో ఇక్కడ జింక్ తీయడం మొదలయ్యాకే ఆ మోసగత్తె రాయికి విలువ వచ్చింది. తాతలు పారబోసిన కుప్పలోంచి మనవళ్లు జీతం తీసుకున్నారన్నమాట.

ఇండియం, జర్మేనియం ఇక్కడే కనుక్కున్నారా?

రెండూ ఇక్కడే, రెండూ ఈ సిరల రాళ్లలోనే.

1863లో ఫెర్డినాండ్ రైష్ అనే ప్రొఫెసర్ ఈ స్ఫాలరైట్‌లో థాలియం కోసం వెతుకుతున్నాడు. థాలియం ఉంటే మంటలో పచ్చ గీత కనిపించాలి. చిక్కేంటంటే రైష్‌కి రంగులు తెలియవు, వర్ణాంధత్వం. అందుకని సహాయకుడు థియోడర్ రిష్టర్‌ని స్పెక్ట్రోస్కోప్‌లో చూడమన్నాడు. రిష్టర్‌కి పచ్చ కాదు, ఎవరూ చూడని నీలిమందు రంగు గీత కనిపించింది. ఆ ఇండిగో పేరు మీదే ఇండియం. ఇప్పుడు మీరు ఈ పేజీ చదువుతున్న టచ్‌స్క్రీన్ మీద పారదర్శకంగా ఉండే పలుచని పూతలో ఇండియం ఉంటుంది.

రెండోది 1885లో. హిమ్మెల్స్‌ఫ్యూర్స్ట్ గనిలో కొత్త వెండి ఖనిజం దొరికింది, ఆర్జిరోడైట్ అని పేరు పెట్టారు. అకాడమీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ క్లెమెన్స్ వింక్లర్ దాన్ని విశ్లేషించాడు. వెండి ఇంత, గంధకం ఇంత అని అన్నీ కూడితే నూటికి సుమారు ఏడు పాళ్లు తక్కువ వస్తోంది. మళ్లీ చేశాడు, మళ్లీ అంతే. చేతి పొరపాటని వదిలేయొచ్చు, వదల్లేదు. నెలల తరబడి వెతికి 1886 ఫిబ్రవరిలో ఆ ఏడు పాళ్ల మూలకాన్ని పట్టుకున్నాడు. అదే జర్మేనియం. మెండలీవ్ 1871లోనే తన మూలకాల పట్టికలో సిలికాన్ కింద ఖాళీ వదిలి, ఇక్కడ ఒక మూలకం రావాలి అని దానికి ఏక-సిలికాన్ అని పేరు పెట్టాడు. అవును, మనం ఒకటి, రెండు అనే చోట సంస్కృతంలో ఏక, ద్వి అంటామే, ఆ ఏకమే. పరమాణు భారం 72 ఉంటుందన్నాడు, వింక్లర్‌కి 72.32 వచ్చింది.

ల్యాబ్‌లో లెక్క తేలకపోతే విసుక్కునే జూనియర్లకు నేను ఈ కథే చెబుతాను.

మరి అంత ఖనిజం ఉంటే గనులు ఎందుకు మూసేశారు?

వెండి ధర పడిపోయింది. 1870ల్లో జర్మనీ బంగారు ప్రమాణానికి మారింది, పాత వెండి నాణేలు కరిగించి మార్కెట్లోకి వదిలారు, అమెరికా నుంచి చవక వెండి వచ్చిపడింది. లోతు ఖర్చు పెరిగింది. చివరికి 1913లో మూసేశారు. 1937లో మళ్లీ తెరిచారు, ఈసారి వెండి కోసం కాదు, సీసం, జింక్ కోసం, యుద్ధానికి సిద్ధమవుతూ బయటి దేశాల మీద ఆధారపడకూడదని. తర్వాత తూర్పు జర్మనీ ప్రభుత్వం నడిపి 1969లో ఆపేసింది.

ఇప్పుడు మళ్లీ వెండి కోసం వెతుకుతున్నారన్న వార్త?

వెతికారు. 2019లో కెనడాకు చెందిన ఎక్సెలాన్ రిసోర్సెస్ అనే కంపెనీ ఫ్రైబెర్గ్‌కి పడమర, వాయవ్య దిక్కున బ్రౌన్స్‌డార్ఫ్ అనే 164 చదరపు కిలోమీటర్ల అన్వేషణ లైసెన్స్ మీద ఒప్పందం చేసుకుంది, 2020లో డ్రిల్లింగ్ చేసింది. అది పైన చెప్పిన "మేలైన" అంచు సిరల ప్రాంతం. పాతవాళ్లు అక్కడ వెండి కళ్లకు కనిపించినంత మేరే తవ్వారు. దాని కింద, దాని పక్కన ఏముందో ఆధునిక డ్రిల్‌తో ఎవరూ చూడలేదన్నది వాళ్ల వాదన. ఆ వాదనలో అర్థం ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అన్వేషణలో మొదటి పని డ్రిల్ కాదు, చదవడం. సాక్సనీ గని అధికారులు వందల ఏళ్లుగా ప్రతి సొరంగానికి మ్యాపులు, జమాఖర్చులు రాసి దాచారు. ఫ్రైబెర్గ్‌లోనే గనుల ఆర్కైవ్ ఉంది. పాత లిపి చదవడం నేర్చుకున్న జియాలజిస్టుకి అది సగం డ్రిల్లింగ్ ఖర్చు మిగిల్చే నిధి.

"టన్నుకు వెయ్యి గ్రాముల వెండి" అని రిపోర్టు వస్తే గని వచ్చేసినట్టేనా?

లేదు, దయచేసి ఆ ఒక్క అంకె చూసి షేర్లు కొనకండి. మందం అడగండి. ఇరవై సెంటీమీటర్ల సిరలో వెయ్యి గ్రాములు ఉందనుకుందాం. మనిషి పట్టేంత, మెషీన్ పట్టేంత సొరంగం కావాలంటే కనీసం మీటరు వెడల్పు తవ్వాలి. మిగతా ఎనభై సెంటీమీటర్లు వట్టి నైస్ రాయి. కలిపి చూస్తే టన్నుకు రెండు వందల గ్రాములే. అందుకే మందాన్ని, పాళ్లని గుణించి చూడాలి.

ఇంకోటి, డ్రిల్ సిరకి అడ్డంగా కాకుండా ఏటవాలుగా పోతే, కోర్‌లో (డ్రిల్ బయటికి తీసే రాతి కడ్డీలో) కనిపించే పొడవు అసలు మందం కంటే ఎక్కువ ఉంటుంది. అసలు మందం రాశారా లేదా అని చూడండి. పైగా వెండి సిర అంతటా ఒకేలా ఉండదు, గుప్పెడు గుప్పెడుగా ఉంటుంది. మన చేతి మణికట్టంత కోర్ ఆ గుప్పెడుకి తగిలితే పండగ, అరమీటరు పక్కన పోతే వట్టి క్వార్ట్జ్. ఒక్క రంధ్రం మంచిదైనా చెడ్డదైనా దాని మీద తీర్పు చెప్పకూడదు.

ఇలాంటిది మన తెలుగు నేలలో ఉందా?

బహులోహ ఖనిజం ఉంది, కానీ తీరు వేరు. పల్నాడులో వినుకొండ వైపు అగ్నిగుండాల బెల్ట్. బండ్లమోటులో సీసం, నల్లకొండలో రాగి, ధూకొండలో రెండూ. పాతకాలపు తవ్వకాల ఆనవాళ్లు చూసే ఆధునిక అన్వేషణ అక్కడికి వెళ్లింది. హిందుస్థాన్ జింక్ బండ్లమోటులో గని నడిపి తర్వాత మూసేసింది. అక్కడ గెలీనా, చాల్కోపైరైట్ కడప బేసిన్‌లోని డోలమైట్ వంటి పొరల్ని పట్టుకుని, సన్నటి చారలుగా, చుక్కలుగా ఉంటాయి. ఫ్రైబెర్గ్‌లా కిలోమీటర్ల కొద్దీ నైస్‌ని చీల్చుకుంటూ పోయే సిరల వల కాదు. జియాలజీ పిల్లలు రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, పొరని అంటుకున్న ఖనిజానికీ పగులుని అంటుకున్న ఖనిజానికీ తేడా ఎప్పటికీ మర్చిపోరు.

ఊరికి నష్టం ఏమీ జరగలేదా?

జరిగింది, ఇంకా పోలేదు. ఆర్సెనోపైరైట్‌ని కాలిస్తే ఆర్సెనిక్ పొగ. కొలిమిల పొగకి చుట్టూ అడవులు ఎండిపోయి, పశువులు జబ్బుపడి రైతులు గొడవ చేస్తే, 1889లో హాల్స్‌బ్రూకెలో 140 మీటర్ల ఇటుక చిమ్నీ కట్టారు, అప్పట్లో ప్రపంచంలోనే అంత ఎత్తుది లేదు. పొగ దూరం పోయింది, ఆగలేదు. నేలలో సీసం, ఆర్సెనిక్, కాడ్మియం ఇప్పటికీ ఉన్నాయి. పెరట్లో కూరగాయలు వేసుకోవడానికి కూడా జాగ్రత్తలు చెబుతారు. ఆ రోత్‌షోన్‌బెర్గ్ నీళ్లు జింక్, కాడ్మియం మోసుకుంటూ ఎల్బె నది దాకా పోతాయి. ఎక్కడైనా సరే, కొత్త గని గురించి మాట్లాడేవాళ్లు ముందు ఈ లెక్క కూడా చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

మామూలు జనం లోపలికి దిగి చూడొచ్చా?

చూడొచ్చు. రైష్ జెషె అనే గని ఇప్పుడు యూనివర్సిటీ పిల్లలకు పాఠం చెప్పే గని, సందర్శకులనీ తీసుకెళ్తారు. ముందే బుక్ చేసుకోండి, వేసవిలో వెళ్లినా లోపల చలి, మందపాటి చొక్కా వేసుకోండి. లిఫ్ట్ బోనులో 150 మీటర్లు దిగుతారు. పైకీ కిందికీ వెళ్లేవాళ్లంతా ఒకరికొకరు "గ్లుక్ ఔఫ్" అని చెప్పుకుంటారు, గని పనివాళ్ల నమస్కారం అది.

లోపల బూట్లు మునిగేంత నీళ్లున్న చోట గైడ్ ఆగి దీపం పక్క గోడ మీద వేస్తాడు. బూడిద రంగు నైస్ మధ్యలో, మోచేతి పొడవు కూడా లేని వెడల్పున, వాలుగా ఒక చార. అంచుల్లో తెల్లగా క్వార్ట్జ్, లోపల నల్లగా స్ఫాలరైట్, అక్కడక్కడా గెలీనా ముఖాలు అద్దం ముక్కల్లా తళుక్కుమంటాయి. నీళ్లు దాని మీదుగా కారుతూ ఉంటాయి. చేత్తో తాకనిస్తారు, తాకండి.